తిరిగొచ్చిన పేపర్ నుంచి బెంగళూరు సదస్సు దాకా: క్వాంటమ్ క్రిప్టోగ్రఫీ వెనక కథ

బ్యాంకు లావాదేవీలనూ మెసేజ్‌లనూ ఇవాళ కాపాడుతున్న ఎన్‌క్రిప్షన్‌ను రేపు క్వాంటమ్ కంప్యూటర్లు ఛేదిస్తాయన్న టెన్షన్ ప్రభుత్వాల దాకా పాకింది. విరుగుడుగా వినిపించే వాటిలో ఒకటి క్వాంటమ్ కీ పంపిణీ, అంటే సందేశాన్ని తాళం వేసి తీసే రహస్య సంఖ్యను (కీని) కాంతి కణాలతో ఇద్దరూ పంచుకునే పద్ధతి. ఇక్కడ జబ్బు కన్నా మందే ముందు పుట్టింది. నేటి ఎన్‌క్రిప్షన్‌లో చాలా భాగం పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టడం కష్టమన్న దాని మీదే నిలబడింది; ఆ పని చేసే క్వాంటమ్ పద్ధతిని గణిత శాస్త్రవేత్త పీటర్ షోర్ చూపించింది 1994లో. క్వాంటమ్ కీ పంపిణీ అప్పటికే పదేళ్ల క్రితం అచ్చయింది. దాని మూలం ఇంకా వెనక, 1960ల చివర్లో కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థి స్టీఫెన్ వీస్నర్ ఆలోచనల్లో ఉంది.

ఎవరూ నకలు చేయలేని కరెన్సీ నోటు సాధ్యమేనా అన్నది వీస్నర్ వేసుకున్న ప్రశ్న. నోటు మీద మామూలుగానే సీరియల్ నంబరు ఉంటుంది. లోపల ఇరవై ఫోటాన్లు (కాంతి కణాలు) బంధించి ఉంటాయి. ఒక్కోదాని ధ్రువణం, అంటే కాంతి తరంగం ఊగే దిశ, నాలుగు దిశల్లో ఏదో ఒకటి: నిలువు, అడ్డం, లేదా రెండు ఐమూలల్లో ఒకటి. ఏ నంబరు నోటులో ఏ వరుస ఉందో బ్యాంకుకే తెలుసు. దొంగనోటు కొట్టేవాడు ఫోటాన్‌ను కొలవాలంటే నిలువు-అడ్డం జతలో కొలవాలో, ఐమూల జతలో కొలవాలో ముందే ఊహించాలి. ఊహ తప్పితే అసలు స్థితి చెదిరిపోతుంది, మళ్లీ తెలుసుకునే దారి ఉండదు. ఒక్కో ఫోటాన్ దగ్గర నకలు నెగ్గే అవకాశం నాలుగింట మూడు వంతులు. ఇరవై ఫోటాన్లూ దాటాలంటే అది వెయ్యికి మూడుకు పడిపోతుంది. భద్రతకు పూచీ కాగితమో, సిరానో, లెక్కల చిక్కుముడో కాదు, ప్రకృతి నియమమే. ఆ మాట అంత సూటిగా అంతకు ముందు ఎవరూ చెప్పలేదు.

పత్రిక ఆ పేపర్‌ను తిప్పి పంపింది. వీస్నర్ దాన్ని పక్కన పెట్టేశారు. అది కాలగర్భంలో కలిసిపోకుండా ఆపింది ఆయన స్నేహితుడు, భౌతిక శాస్త్రవేత్త చార్లెస్ బెన్నెట్. వినేవాళ్లు దొరికిన చోటల్లా ఆయన వీస్నర్ ఆలోచన చెప్పేవారు. 1979లో ప్యూర్టోరికోలోని శాన్ హువాన్‌లో ఒక సదస్సు జరిగింది. సముద్రంలో ఈదుతున్న కంప్యూటర్ శాస్త్రవేత్త గిల్ బ్రాసార్డ్ దగ్గరికి అంతవరకూ ముఖపరిచయం లేని బెన్నెట్ ఈదుకుంటూ వచ్చి, క్వాంటమ్ నోట్ల గురించి మొదలుపెట్టారు. ఒడ్డుకు చేరేసరికి ఇద్దరూ కలిసి పనిచేయడానికి బీజం పడింది. వీస్నర్ పేపర్ చివరికి 1983లో, కంప్యూటర్ సైన్స్ సిద్ధాంతకర్తల వార్తాపత్రం ఒకదానిలో వెలుగు చూసింది.

బెన్నెట్, బ్రాసార్డ్‌లకు అసలు మలుపు దొరికింది ఒక చిన్న గ్రహింపుతో: ఫోటాన్లు ప్రయాణానికి పనికొస్తాయి గానీ దాచుకోవడానికి కాదు. నోటులో దాచే బదులు ఒకరి నుంచి ఒకరికి పంపితే? ఈ పద్ధతి 1984 డిసెంబరులో బెంగళూరులో జరిగిన అంతర్జాతీయ సదస్సు సంపుటిలో, 175 నుంచి 179 వరకు ఐదు పేజీల్లో అచ్చయింది. ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలతో, ఆ ఏడాదితో ఇప్పుడు అందరూ బీబీ84 అనేది దాన్నే. పంపేవారు, అందుకునేవారు తమ కొలత జతలను ఎవరికి వారు యాదృచ్ఛికంగా ఎంచుకుంటారు. తర్వాత బాహాటంగా పోల్చుకుని, జత కలిసిన ఫలితాలనే ఉంచుకుంటారు; కీ తయారయ్యేది వాటి నుంచే. దారిలో ఎవరైనా ప్రతి ఫోటాన్‌నూ కొలిచి మళ్లీ పంపితే, ఆ మిగిలిన వాటిలో నాలుగో వంతు తప్పులు తేలతాయి. దొంగ దొరికినట్టే.

ఐబీఎం ప్రయోగశాలలో 1989లో తొలి ప్రయోగం జరిగింది. కాంతి ప్రయాణించిన దూరం సుమారు 30 సెంటీమీటర్లు. పరికరాలకు కరెంటు అందించే యూనిట్ల నుంచి వచ్చే శబ్దం ధ్రువణాన్ని బట్టి మారేదట. అంటే చెవిటి దొంగ నుంచి మాత్రమే అది సురక్షితం! సిద్ధాంతం పకడ్బందీగా ఉన్నా పరికరం గుట్టు విప్పేస్తుందన్న పాఠం అప్పుడే మొదలైంది. ఇప్పటికీ ఈ రంగాన్ని వదలని సమస్య అదే.

1992లో బెన్నెట్, వీస్నర్ కలిసి మరో పేపర్ రాశారు. ముందే పంచుకున్న చిక్కుజంట (ఒకదానితో ఒకటి క్వాంటమ్ బంధంలో ఉన్న రెండు కణాలు) సాయంతో ఒకే కణం మీద రెండు బిట్లు పంపవచ్చని అందులో చూపించారు. వీస్నర్ తర్వాత ఇజ్రాయెల్‌లో స్థిరపడి, భవన నిర్మాణంలో కూలీగా పనిచేశారు. 2021లో కన్నుమూశారు. పరిశోధకుడి విలువను పేపర్ల సంఖ్యతో తూచే పద్ధతిలో ఆయన దాదాపు కనబడరు. ఆ తూకం మీద నాకు నమ్మకం లేకపోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

ఇక దూరం సంగతి. 2016లో చైనా ప్రయోగించిన మీసియస్ ఉపగ్రహం ద్వారా మరుసటి ఏడాది బీజింగ్, వియన్నాల మధ్య కీ పంచుకున్నారు. కానీ మధ్యలో ఉన్న ఉపగ్రహానికీ ఆ కీ తెలుసు, కాబట్టి దాన్ని నమ్మాల్సిందే. ఆ నమ్మకం అవసరం లేకుండా దూరం పెంచాలంటే క్వాంటమ్ రిపీటర్లు, అంటే కీ తమకు తెలియకుండానే క్వాంటమ్ బంధాన్ని ముందుకు అందించే మధ్య మజిలీ పరికరాలు, కావాలి. ఇప్పుడు ప్రయోగశాలల్లో నడుస్తున్న రిపీటర్ డిజైన్లు చాలావరకు, క్వాంటమ్ స్థితిని చెదరకుండా కాసేపు నిలిపి ఉంచే మెమరీ మీదే ఆధారపడ్డాయి. వీస్నర్ నోటుకు కావలసిందీ అదే.