డీజిల్ పికప్ కూలింగ్ పని ఇంటి దగ్గర చేసుకునేవారికి: అపోహలు, వాస్తవాలు

మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజుల్లో, చిత్తూరు నుంచి మామిడి లోడుతో మొగిలి ఘాట్ ఎక్కే పికప్‌లూ, తిరుపతి నుంచి సిమెంటో ఎరువులో వేసుకొని భాకరాపేట ఘాట్ ఎక్కే పికప్‌లూ బానెట్ ఎత్తుకొని రోడ్డు పక్కన ఆగి ఉండటం మన ప్రాంతంలో అందరం చూస్తూనే ఉంటాము. తిరుపతిలో డీజిల్ బండ్ల పని చేస్తున్న నా దగ్గరికి అలాంటివి ఇంకో బండికి తాడు కట్టుకొని వస్తాయి. విప్పి చూస్తే చాలావాటిలో రేడియేటరో, వాటర్ పంపో, వేడిని బట్టి నీటి దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ వాల్వో ఈమధ్యనే మార్చినట్లు కనబడుతుంది. సామాను కొత్తదే, బిగించినవారు శ్రద్ధగానే బిగించారు, అయినా ఇంజన్ హీట్ ఎక్కింది.

ఓనర్లు ఇంటి దగ్గర ఈ పని చేసుకోవడాన్ని నేను తప్పుపట్టను. స్పానర్ సెట్టు, రెండు జాకీ స్టాండ్లు, ఒక ఆదివారం చేతిలో ఉన్న మనిషి రేడియేటర్, హోస్ పైపులు, థర్మోస్టాట్, కొన్ని బండ్లలో వాటర్ పంపు కూడా నిశ్చింతగా మార్చుకోవచ్చు. అయితే డ్రైవర్ల నోట ఏళ్ళ తరబడి నడుస్తున్న కొన్ని నమ్మకాలు ఆ కష్టాన్ని వృథా చేస్తున్నాయి. ఇంజన్ కూలింగ్‌ను నీళ్ళు నింపి ఉంచే తొట్టిలాగా చూడటమే వాటన్నిటికీ మూలం. నిజానికి అది మూత బిగించి, ఒత్తిడి మీద నడిచే ప్రెషర్ కుక్కర్ లాంటి ఏర్పాటు.

అపోహ: మన ఊళ్ళో మంచు గడ్డకట్టదు కాబట్టి కూలెంట్ దండగ, బోరు నీళ్ళు చాలు.

నీళ్ళు గడ్డకట్టకుండా ఆపడం రేడియేటర్ నీటిలో కలిపే కూలెంట్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే, అది మనకు అక్కరలేనిది కూడా. మనకు కావలసినవి మిగిలిన పనులు: మరిగే స్థాయిని పెంచడం, ఇనుము తుప్పు పట్టకుండానూ అల్యూమినియం తినివేయబడకుండానూ చూడటం, వాటర్ పంపు సీలును కాపాడటం. వెట్ లైనర్, అంటే బయటివైపు నేరుగా నీరు తగిలే సిలిండర్ గొట్టం, ఉన్న డీజిల్ ఇంజన్లలో ఇంకొక ముఖ్యమైన సంగతి ఉన్నది. ఇంజన్ కొట్టుడుకు లైనర్ గోడ అదురుతుంది, ఆ అదురుకు దాని బయటివైపు నీటిలో సన్నని బుడగలు పుట్టి పగులుతూ, లోహాన్ని సూదితో పొడిచినట్లు గుంటలు చేస్తాయి. తగిన రసాయనాలు కలిసిన కూలెంట్ ఆ గోడ మీద ఒక రక్షణ పొరను నిలుపుతుంది, వట్టి నీళ్ళకు ఆ శక్తి లేదు.

ఇక బోరు నీటి సంగతి మన జిల్లాల వారికి చెప్పవలసిన పని లేదు. అదే నీటిని రోజూ కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టే గారను చూడండి. ఇంజన్ పైభాగమైన సిలిండర్ హెడ్‌లో వాల్వుల చుట్టూ, అంటే వేడి అన్నిటికంటే ఎక్కువగా ఉండే చోట, అదే గార పడుతుంది. ఇనుముతో పోలిస్తే సున్నపు గార వేడిని ఎన్నో రెట్లు తక్కువగా పోనిస్తుంది కాబట్టి, పలుచని పొర పట్టినా ఆ చోట లోహంలోని వేడి నీటికి సరిగా చేరదు. నేను పై ట్యాంకు విప్పిన ఒక రాగి రేడియేటర్‌లో సగానికి పైగా గొట్టాల నోళ్ళు కాఫీ రంగు బురదతో పూడిపోయి ఉన్నాయి. గోటితో గీరితే పైన మెత్తగా ఊడివచ్చింది, దాని కింద సున్నం పలకలాగా గట్టిగా ఉన్నది. ఆ బండికి నాలుగేళ్ళుగా పోసినవి చేను దగ్గరి బోరు నీళ్ళే.

దీనికి ఎదురు కొసన ఇంకొక పొరపాటు ఉన్నది. కూలెంట్ మంచిదైనప్పుడు నీళ్ళు కలపకుండా చిక్కగా పోస్తే ఇంకా చల్లగా ఉంటుందని కొందరు అనుకుంటారు. ఒక కిలో నీరు ఒక డిగ్రీ వేడెక్కేలోపు సుమారు 4.2 కిలోజౌళ్ళ వేడిని తీసుకుంటుంది, కూలెంట్‌లోని ముఖ్య ద్రవమైన ఇథిలీన్ గ్లైకాల్ ఒక కిలో సుమారు 2.4 కిలోజౌళ్ళే తీసుకుంటుంది. వేడిని మోసేది నీరు, నీటిని కాపాడేది గ్లైకాల్. అందుకే సగం సగం కలపడం సాధారణ పద్ధతి. కలపవలసినది డిస్టిల్డ్ వాటర్. బ్యాటరీ వాటర్ అని అడిగితే దొరుకుతుంది, అయితే పక్కనే ఉండే బ్యాటరీ యాసిడ్ క్యాను పొరపాటున చేతికి రాకుండా చూసుకోండి. ముందే కలిపి అమ్మే కూలెంట్ అయితే అందులో మళ్ళీ నీళ్ళు పోయకూడదు.

అపోహ: థర్మోస్టాట్ వాల్వు తీసేస్తే ఇంజన్ ఎప్పుడూ చల్లగా ఉంటుంది.

నేను అన్నిటికంటే ఎక్కువగా పోరాడేది ఈ నమ్మకంతోనే. పోయిన ఎండాకాలంలో ఒక డ్రైవరు, "అనా, వాల్వు తీసేస్తే నీళ్ళు ఫ్రీగా తిరగతాయి గదా, ఇంక హీట్ యాడిది?" అని నన్నే నిలదీశాడు. అతని బండి అప్పటికి రెండుసార్లు ఘాట్ మీద మరిగింది. మాట వినడానికి సబబుగానే ఉన్నా, లోపల జరిగేది వేరు.

చాలా డీజిల్ ఇంజన్లలో థర్మోస్టాట్‌కు రెండు బిళ్ళలు ఉంటాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పై బిళ్ళ రేడియేటర్ దారిని మూసి ఉంచుతుంది, నీరు బైపాస్ దారిలో ఇంజన్‌లోనే తిరుగుతుంది. వేడెక్కేకొద్దీ లోపలి మైనం ఉబ్బి పై బిళ్ళను తెరుస్తుంది, అదే కదలికతో కింది బిళ్ళ బైపాస్‌ను మూసివేస్తుంది. వాల్వును తీసివేసిన ఇంజన్‌లో బైపాస్‌ను మూసేది ఏదీ ఉండదు. సులువైన దారిని వెతుక్కునే నీరు ఆ పొట్టి దారిలోనే పెద్ద భాగం తిరిగి పంపులోకి చేరుతుంది, రేడియేటర్‌లోకి వెళ్ళేది తగ్గుతుంది. బండి ఖాళీగా చదును రోడ్డు మీద పోతున్నప్పుడు ఇది తెలియదు. లోడుతో ఘాట్‌లో రెండో గేరులో ఎక్కేటప్పుడు మరుగుతుంది. ఆ డ్రైవరు బండికి నేను వేసిన మందు కొత్త థర్మోస్టాట్ ఒక్కటే.

చదును రోడ్డులో కూడా నష్టమే. ఇంజన్ తన వేడికి చేరుకోకపోతే డీజిల్ పూర్తిగా కాలదు, పొగ వస్తుంది, మైలేజీ పడిపోతుంది, కాలని డీజిల్ లైనర్ల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. బీఎస్ 6 పొగ నిబంధనల ప్రకారం చేసిన బండ్లలో ఇంజన్ సరిగా వేడెక్కకపోతే సైలెన్సర్ లైనులో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు తనను తాను శుభ్రం చేసుకునే పని కూడా దెబ్బతింటుంది.

వాల్వు మంచిదో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. దాని అంచు మీద తెరుచుకునే డిగ్రీలు కొట్టి ఉంటాయి. చాలా డీజిల్ ఇంజన్లకు అది 82. మళ్ళీ వంటకు వాడని పాత గిన్నెలో నీళ్ళు పోసి, వాల్వును దారంతో అడుగుకు తగలకుండా వేలాడదీసి, పక్కన ఒక థర్మామీటరు ఉంచి పొయ్యి వెలిగించండి. 82 దగ్గర బిళ్ళ వెంట్రుకవాసి కదలడం మొదలవుతుంది, 95 దగ్గరికి పూర్తిగా లేస్తుంది, దించి చల్లారనిస్తే మళ్ళీ గట్టిగా మూసుకోవాలి. కొత్త వాల్వునైనా నేను ఈ పరీక్ష చేయకుండా బిగించను. బిగించేటప్పుడు మైనం ఉన్న బుడిపె ఇంజన్ వైపుకు ఉండాలి, గాలి పోయే చిన్న రంధ్రం లేదా పిన్ను పైకి ఉండాలి.

అపోహ: రేడియేటర్ మూత వట్టి మూతే, ఏది సరిపోతే అది పెట్టవచ్చు.

మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. అది ఆ మూత ఎంత ఒత్తిడి వరకు ఆపుతుందో చెప్పే బార్ల లెక్క. సగం సగం కలిపిన కూలెంట్ మూత లేకుండా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, 0.9 బార్ మూత కింద అది 125 డిగ్రీలు దాటుతుంది. మూత రబ్బరు పగిలి ఒత్తిడి నిలవకపోతే ఆ తేడా అంతా పోతుంది. పైగా ఎత్తుకు వెళ్ళేకొద్దీ నీరు ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్న తిరుమలలో మూతలేని గిన్నెలో నీళ్ళు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. మూత మధ్యలో ఇంకొక చిన్న వాల్వు ఉంటుంది. ఇంజన్ చల్లారినప్పుడు బయటి డబ్బాలోని కూలెంట్‌ను వెనక్కు పీల్చుకోనిచ్చేది అదే. ఉదయం పూట హోస్ పైపు చప్పిడిగా అతుక్కొని కనబడితే ముందు ఆ వాల్వును అనుమానించండి.

ఇంజన్ వేడిగా ఉండగా ఆ మూత తిప్పకండి, గుడ్డ కప్పి కూడా తిప్పకండి. ఒత్తిడి తగ్గిన క్షణంలో లోపలి కూలెంట్ ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. పై హోస్ పైపును చేత్తో నొక్కితే మెత్తగా, చల్లగా తగలాలి, అంతవరకు ఆగవలసిందే.

అపోహ: రంగు కలిస్తే కూలెంట్ కలిసినట్లే.

రంగు తయారీదారు ఇష్టం. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అనే రంగులను బట్టి లోపలి రసాయనం ఏమిటో చెప్పడానికి అందరూ పాటించే నియమం లేదు. పొసగని రెండు రకాలు కలిస్తే జిగురులాగా కట్టవచ్చు. బండి పుస్తకంలో రాసిన రకాన్ని డబ్బా మీద చదివి కొనండి, పాతది ఏదో తెలియకపోతే పూర్తిగా దించి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి కొత్తది పోయండి.

అపోహ: ఇంజన్ హీట్ అయితే రేడియేటర్ మార్చవలసిందే.

రేడియేటర్ కొనేముందు టార్చిలైటుతో ఒక పావుగంట దాని ముందు కూర్చోండి. టర్బో బండ్లలో ఇంజన్‌లోకి పోయే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో దుమ్ము, గడ్డి నలుసులు, పురుగుల రెక్కలు కలిసి కంబళి ముక్కలాగా పేరుకుంటాయి. ముందు నుంచి చూస్తే అది కనబడదు, పై క్లిప్పులు విప్పి రెండింటినీ కొంచెం ఎడం చేస్తేనే బయటపడుతుంది. ఇంజన్ వైపు నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడి నీటితో కడిగితే అది పొరలు పొరలుగా ఊడివస్తుంది. వాషింగ్ సెంటరులో వాడే గట్టి ధార వద్దు, రేడియేటర్ సన్నని రేకులు వంగిపోతాయి.

తరువాత ఫ్యాన్. సీజనులో చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు బండ్లు వరుసలో అడుగడుగునా ఆగుతూ కదులుతుంటాయి. అప్పుడు ఎదురుగాలి ఉండదు, ఫ్యానే దిక్కు. విస్కస్ ఫ్యాన్, అంటే వేడెక్కినప్పుడు క్లచ్ పట్టుకొని గట్టిగా తిరిగే ఫ్యాన్, ఉన్న బండిలో ఇంజన్ బాగా వేడెక్కినాక ఆపి చూస్తే ఫ్యాన్ చేతికి బరువుగా తిరగాలి. తేలికగా గిరగిరా తిరిగితే క్లచ్‌లోని సిలికాన్ ద్రవం కారిపోయి ఉండవచ్చు. చేయి పెట్టేముందు తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. బెల్టు వదులు కూడా ఈ వరుసలోనే చూసుకోవాలి.

వాటర్ పంపు కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ కూలెంట్ రంగు గీత ఎండి కనబడితే లోపలి సీలు పోయిందని పంపు మనకు చెబుతున్నట్లు. ఆ రంధ్రాన్ని బంకతో పూడ్చిన బండ్లు నా దగ్గరికి వచ్చాయి. దానివల్ల కూలెంట్ బేరింగ్‌లోకి చేరి పంపు మొత్తం పట్టేసింది. కొత్త పంపు బిగించేటప్పుడు పాత ప్యాకింగ్‌ను పూర్తిగా గీకి, ముఖం శుభ్రం చేయండి. ప్యాకింగ్‌కు పూసే షెల్లాక్ బంకను దట్టంగా పూస్తే గట్టిగా ఉంటుందన్నది కూడా అపోహే. లోపలికి పిండుకున్న ముద్ద ఊడి, రేడియేటర్ గొట్టాల్లో ఇరుక్కుంటుంది. లీకు ఆపడానికి రేడియేటర్‌లో వేసే పసుపుకూ, లీకు పొడులకూ ఇదే మాట వర్తిస్తుంది. దారిలో ఇల్లు చేరడానికి వేసినా, చేరిన వెంటనే దించి కడగాలి.

అపోహ: మూతి దాకా నిండింది, పని అయిపోయింది.

ఇంటి దగ్గర చేసిన పని ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. కూలెంట్ పోసేటప్పుడు హెడ్‌లో, హీటర్ పైపుల్లో గాలి చిక్కుకుంటుంది. బండి ముందుభాగాన్ని కొంచెం ఎత్తులో నిలిపి, హీటర్ ఉంటే దాన్ని వేడి వైపుకు తిప్పి, గాలి స్క్రూ ఉంటే విప్పి, సన్నని ధారగా పోయండి. చల్లటి ఇంజన్‌ను మూత లేకుండా స్టార్ట్ చేసి, బుడగలు ఆగేవరకు పోస్తూ, కూలెంట్ ఉబ్బడం మొదలుకాకముందే మూత బిగించండి. తరువాత థర్మోస్టాట్ తెరుచుకొని కింది హోస్ పైపు వేడెక్కేవరకు నడవనివ్వండి. ఎంతసేపటికీ బుడగలు ఆగకపోతే అది మిగిలిన గాలి కాకపోవచ్చు. హెడ్ కింది ప్యాకింగ్, అంటే హెడ్ గ్యాస్కెట్, పోయి మంట గ్యాసు వస్తూ ఉండవచ్చు, ఆ పని ఇంటి దగ్గర పెట్టుకోకండి.

మీటరు ముల్లును చూసి ధైర్యపడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ ముల్లుకు సమాచారం ఇచ్చే సెన్సరు కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరైన వేడి చెబుతుంది. కూలెంట్ కారిపోయి సెన్సరు గాలిలో మిగిలితే, హెడ్ కాలిపోతున్నా ముల్లు మధ్యలోనే నిలబడవచ్చు. బయట ఒక్క చుక్క కారకుండా కూలెంట్ తగ్గిపోతూ ఉంటే, ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్ ఉన్న బండ్లలో అది లోపల పగిలిందేమో చూపించుకోండి.

మరిగిన ఇంజన్ మీద బకెట్ నీళ్ళు కుమ్మరించడం గురించి ఒక్క మాట: హెడ్ వంగుతుంది లేదా పగులుతుంది. నీడలో ఆపి చల్లారనివ్వడమే మార్గం.

దించిన పాత కూలెంట్‌ను కాలువలోనో, చెట్టు మొదట్లోనో పోయకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. పళ్ళెంలో వదిలేస్తే కుక్క నాకుతుంది, దూడ తాగుతుంది, పిల్లల చేతికి అందుతుంది. మూత గట్టిగా పట్టే క్యానులో పోసి, పేరు రాసి, పాత ఇంజన్ ఆయిల్ తీసుకునే చోట అప్పగించండి. ఆయిల్‌తో మాత్రం కలపకండి.

పని చేసిన మరుసటి ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బయటి కూలెంట్ డబ్బా మీద కూలెంట్ ఎంతవరకు ఉందో స్కెచ్ పెన్నుతో గీత పెట్టి, క్లిప్పులన్నీ ఒకసారి స్క్రూడ్రైవర్‌తో సరిచూడండి. బండి కింద ఒక అట్ట పరచి ఉంచితే రాత్రి పడిన చుక్క ఎక్కడి నుంచి పడిందో తెలుస్తుంది. మొదటి రోజు కూలెంట్ గీత కంటే కొంచెం దిగడం మామూలే, మిగిలిన గాలి బయటికి పోయి ఉంటుంది, అంతమేర పోయండి. మూడో రోజు ఉదయం కూడా కూలెంట్ గీత కిందికి దిగి ఉంటే, ఆ బండికి లోడు ఎక్కించకండి.