బార్బెక్యూ సాస్‌కి ప్రాణం పులుపు: కొన్ని అపోహలు, వాస్తవాలు

అమెరికాలోని కాన్సస్ సిటీలో కేటరింగ్ చేస్తాను. మనవాళ్ల పార్టీల్లో బార్బెక్యూ పెట్టిన ప్రతిసారీ సాస్ గురించి అవే మాటలు వింటాను కాబట్టి అన్నీ ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: బార్బెక్యూ సాస్ అంటే ఎర్రగా, చిక్కగా, తియ్యగా ఉండాలి.

అది మా ఊరి పద్ధతి మాత్రమే, షాపుల్లో సీసాలన్నీ దాదాపు ఇదే రకం కాబట్టి అందరికీ ఇదే తెలుసు. నార్త్ కరొలైనా తూర్పు వైపు వెళ్తే టమాటా ఊసే ఉండదు, వెనిగర్‌లో ఎండుమిరప పలుకులు, ఉప్పు, మిరియాలు, అంతే, చారులా పల్చగా ఉంటుంది. సౌత్ కరొలైనాలో ఆవాలతో చేసే పసుపుపచ్చటి మస్టర్డ్ సాస్. అలబామాలోని డెకేటర్‌లో బాబ్ గిబ్సన్ 1925లో పెట్టిన హోటల్‌ది మయొనైజ్‌తో చేసే తెల్ల సాస్. ఈ అన్నిటిలోనూ వెనిగర్ ఉంటుంది. అందుకే నేను ముందు పులుపు చూసుకుని, దానికి తగ్గట్టు తీపి వేస్తాను.

అపోహ: కెచప్‌లో పంచదార కలిపితే సాస్ రెడీ.

కలిపితే కాదు, ఉడికితే. రెండు కప్పుల కెచప్‌కి అరకప్పు యాపిల్ సైడర్ వెనిగర్, అరకప్పు బ్రౌన్ షుగర్, రెండు స్పూన్ల మొలాసిస్ (పంచదార తయారీలో మిగిలే నల్లటి చెరకు పాకం; దొరక్కపోతే ముదురు నల్లబెల్లం కరిగించి వడకట్టి వేయండి, బాగా కుదురుతుంది), వెల్లుల్లి పొడి, మిరియాల పొడి, కాస్త కారం వేసి స్టీలు గిన్నెలో సన్న సెగ మీద ఇరవై నిమిషాలు ఉంచండి. పులుపుకి అల్యూమినియం గిన్నె పనికిరాదు. మొదట్లో ముక్కు అదిరే వెనిగర్ ఘాటు వస్తుంది, అది తగ్గి మసాలా వాసన పైకి వచ్చాక చల్లటి ప్లేటు మీద ఒక చుక్క వేసి వేలితో గీత గీయండి, గీత వెంటనే మూసుకుపోకపోతే దింపేయొచ్చు. వేడి మీద పల్చగానే ఉంటుంది, టెన్షన్ పడి కార్న్‌ఫ్లోర్ వేయకండి, చల్లారితే చిక్కబడుతుంది.

అపోహ: తందూరీ చికెన్‌లాగే సాస్‌ని ముందే పట్టించి కాల్చాలి.

తందూరీకి పట్టించేది పెరుగు, ఇందులో ఉన్నది పంచదార. నిప్పుల మీద చికెన్ ఉడికేలోపే పైన మాడి చేదెక్కుతుంది. మొదట్లో నేనూ ఇలాగే రెండు ట్రేల చికెన్ పాడుచేశాను, లోపల ఎముక దగ్గర ఇంకా పచ్చిగానే ఉంది. చివరి పది నిమిషాల్లో రెండుసార్లు పల్చగా పూయండి, చాలు.

అపోహ: లిక్విడ్ స్మోక్ అంటే కెమికల్.

కట్టెల పొగని చల్లార్చి పట్టిన నీళ్లు అవి. 1895లో ఈ కాన్సస్ సిటీలోనే అర్నెస్ట్ రైట్ అనే మందుల షాపాయన అమ్మడం మొదలుపెట్టాడు. పొగ వాసన కోసం సాస్‌లో వేస్తే పావు స్పూను దాటకండి.

అపోహ: సాస్‌లో మాంసం ఉండదు కాబట్టి శాకాహారులకి పర్లేదు.

చాలామంది వూస్టర్‌షైర్ సాస్ వేస్తారు, అందులో సాధారణంగా ఆంకోవీ చేపలుంటాయి. వడ్డించే ముందు దయచేసి చెప్పండి. దాని బదులు చింతపండు గుజ్జు, కొంచెం సోయా సాస్ వేస్తే సరి, అసలు దాంట్లోనూ చింతపండు ఉంటుంది.

అపోహ: వెనిగర్ ఉంది కదా, బయట పెట్టినా పాడవదు.

ఇంట్లో చేసింది ఫ్రిజ్‌లోనే పెట్టి రెండు వారాల్లో వాడేయండి. పచ్చి చికెన్‌ని తాకిన బ్రష్ ముంచిన సాస్‌ని మాత్రం మళ్లీ సీసాలో పోయకండి, పూయడానికి కావలసినంత ముందే వేరే గిన్నెలోకి తీసుకోండి, మిగిలితే పారేయండి.