గుండె పంపు.. పొట్ట మీది పుండు

బలహీనపడ్డ గుండెకు తోడుగా లోపల అమర్చిన పంపు (ఎల్‌వీఏడీ) బాగానే పనిచేస్తోంది. పొట్ట మీద దానికి కరెంటిచ్చే తీగ బయటికొచ్చే చోటే చీము పడుతోంది. తప్పెవరిదన్న గొడవ వరంగల్‌లో మళ్ళీ లేచింది. కట్టు సరిగ్గా మార్చుకోలేదని ఆపరేషన్ చేసినవాళ్ళు, చూసే దిక్కే లేదని ఇంట్లోవాళ్ళు. ఎల్‌వీఏడీ ఎలా పుట్టిందన్నది పాత కథ, వదిలేద్దాం. అసలు మలుపు 2001లో ఉంది.

ఆ ఏడాది అమెరికాలో రీమ్యాచ్ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. గుండె మార్పిడికి వీలులేని 129 మందిలో కొందరికి పంపు పెట్టారు, మిగతావాళ్ళకు మందులే. ఏడాది తర్వాత పంపువాళ్ళలో 52 శాతం, మందులవాళ్ళలో 25 శాతం మిగిలారు. అందరూ చెప్పుకునేది ఈ లెక్కే. పంపు పెట్టాక పోయినవాళ్ళలో 41 శాతం మంది రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్‌తోనే పోయారని కూడా అందులోనే ఉంది. అయినా 2002లో ఆ పంపుకు, 2010లో దాని తర్వాతి తరం పంపు హార్ట్‌మేట్ 2కు శాశ్వత వాడకానికి అక్కడ అనుమతి వచ్చింది. మార్పిడి దాకా అనుకున్న పంపు బతికినన్నాళ్ళూ ఉండేదైంది. పొట్టకు పెట్టిన రంధ్రమూ అంతే.

తీగ దేనికైనా తగులుకుని లాగితే చర్మం చిట్లుతుంది. స్టాఫిలోకాకస్, సూడోమోనాస్ లాంటి క్రిములు తీగను పట్టి జిగట పొర కట్టుకుంటాయి, ఆ పొరలోకి మందు సరిగ్గా దిగదు. ఎంత శుభ్రంగా ఉన్నా ఇది రావచ్చు. తీగ మీది గరుకు గుడ్డ భాగాన్ని పూర్తిగా చర్మం కిందే ఉంచితే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని తర్వాత తేలింది. అది సర్జన్ చేతిలో పని, ఇంటివాళ్ళది కాదు.

ములుగు వైపు పల్లెలో పుండు ఎర్రబడితే ముందు దొరికేది ఆర్ఎంపీయే. ఆయనిచ్చిన యాంటీబయాటిక్‌తో ఎరుపు కాస్త తగ్గుతుంది, తర్వాత హైదరాబాద్‌లో కల్చర్ (చీములోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) చేస్తే ఆ మందు వల్ల క్రిమి దొరకకపోవచ్చు. అంత దూరం పోయినందుకు ‘ముందే ఎందుకు రాలేదు’ అని చీవాట్లు. మందు వేయకముందే చీము నమూనా తీయించాలన్న ఒక్క ముక్క డిశ్చార్జి కాగితంలో పెద్దక్షరాలతో ఉంటే సగం టెన్షన్ తగ్గేది. రోజువారీ కట్టు, తీగ కదలకుండా పట్టీ తప్పనిసరి అని ఆసుపత్రులు అనేదీ అబద్ధం కాదు.

లోతుకు దిగితే వారాల తరబడి ఐవీ మందులు, పుండు కోసి కడగడం, ఆపైన ఏళ్ళ తరబడి మాత్రలు. పంపు తీసి గుండె మార్చితేనే పూర్తిగా వదులుతుంది. అవయవదానం కోసం నడిచే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ జాబితాలో ఉన్నవాళ్ళకు ఆ ఆశ ఉంది, శాశ్వతంగా పెట్టించుకున్నవాళ్ళకు మాత్రలే గతి. ఈ ఖర్చు పంపు ప్యాకేజీలో కలుస్తుందా లేదా అన్న దగ్గరే ఇప్పుడు మాట తెగడం లేదు.