పెళ్లి ఒక కోర్టులో తెగినా భరణం ఎందుకు తెగదు?

భర్త ఉద్యోగం టెక్సాస్‌లో. భార్యాపిల్లలు న్యూజెర్సీలో. ఆమె టెక్సాస్‌లో ఏనాడూ కాపురం ఉండలేదు. ఒకరోజు అక్కడి కోర్టు నుంచి విడాకుల సమన్లు వస్తాయి. ఆరు నెలలు ఆ రాష్ట్రంలో, 90 రోజులు ఆ కౌంటీలో ఉంటే చాలు, అతను అక్కడ కేసు వేయవచ్చు. ఆమె వెళ్లకపోయినా విడాకులు మంజూరు కావచ్చు. కానీ ఆమెకు రావలసిన భరణాన్ని కొట్టేసే అధికారం ఆ కోర్టుకు ఉండదు.

ఈ చీలిక చాలా పాతది. ఒకరి మీద డబ్బు తీర్పు ఇవ్వాలంటే ఆ మనిషి కోర్టు పరిధిలో దొరకాలని అమెరికా సుప్రీంకోర్టు 1878లో, పెన్నోయర్ కేసులో చెప్పింది. పెళ్లిని మాత్రం పక్కన పెట్టింది. తన పౌరుడి వివాహ స్థితిని తేల్చుకునే హక్కు ప్రతి రాష్ట్రానికీ ఉందంది.

ఆ సందును నెవాడా వ్యాపారంగా మార్చుకుంది. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1931లో, ఆరు వారాలు ఉంటే చాలు విడాకులు ఇస్తామంది. జూదాన్ని చట్టబద్ధం చేసిందీ ఆ ఏడాదే. అప్పట్లో న్యూయార్క్‌లో వ్యభిచారం రుజువైతే తప్ప విడాకులు లేవు కాబట్టి జనం నెవాడాలోని రీనో నగరానికి రైలెక్కారు.

నార్త్ కరోలినాలోని గ్రానైట్ ఫాల్స్ అనే చిన్న ఊరి నుంచి ఒక దుకాణదారు, అతని దగ్గర పనిచేసే గుమాస్తా యొక్క భార్య 1940లో లాస్ వేగాస్ చేరారు. ఆరు వారాలు ఒక బసలో గడిపి, ఇద్దరూ విడాకులు తీసుకుని, ఒకరినొకరు పెళ్లాడి సొంతూరికి తిరిగొచ్చారు. ఊరు ఊరుకోలేదు, ప్రభుత్వం ద్విభార్యత్వం కింద కేసు పెట్టి శిక్ష వేయించింది. 1942లో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది: ఒక రాష్ట్రం ఇచ్చిన విడాకులను మరో రాష్ట్రం గౌరవించాలి. మూడేళ్లు తిరక్కుండానే అదే జంట మళ్లీ అదే కోర్టు ముందుకొచ్చింది. ఈసారి ఓడిపోయారు. నెవాడాలో వాళ్లకు నిజమైన స్థిరనివాసం ఉందా లేదా అని నార్త్ కరోలినా విచారించవచ్చని 1945లో తేలింది.

మరి డబ్బు? న్యూయార్క్ కోర్టు భార్యకు నెలకు 180 డాలర్ల భరణం వేస్తే, భర్త నెవాడా వెళ్లి విడాకులు తెచ్చుకుని చెల్లింపు ఆపేశాడు. పెళ్లి ముగిసింది, భరణం ముగియలేదు అని 1948లో ఎస్టిన్ కేసులో జస్టిస్ డగ్లస్ రాశారు. నెవాడా గడప తొక్కని మనిషి హక్కును నెవాడా ఎలా లాక్కుంటుందన్నదే ఆయన వాదన. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే న్యాయంగా అనిపించే తీర్పు ఇదే.

అదే సూత్రం భార్యకు ఎదురు తిరిగిన కేసూ ఉంది. న్యూయార్క్‌లో ఉండే తండ్రి కూతురికి కాలిఫోర్నియా విమానం టికెట్ కొన్నాడు, తల్లి దగ్గర ఉంటానంటే. ఆ తల్లి కాలిఫోర్నియాలో పిల్లల పోషణ ఖర్చుకు దావా వేసింది. టికెట్ కొన్నంత మాత్రాన అతను ఆ రాష్ట్ర పరిధిలోకి రాడని 1978లో కుల్కో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1990లో మాత్రం, పని మీద, పిల్లల్ని చూడటానికి వచ్చిన న్యూజెర్సీ భర్తకు కాలిఫోర్నియాలో చేతికి సమన్లు ఇస్తే చెల్లుతుందంది. పిల్లల పోషణ విషయంలో రాష్ట్రాల మధ్య గొడవ తగ్గించడానికి 1992లో ఒక నమూనా చట్టం వచ్చింది. 1996 నాటి ఫెడరల్ చట్టం దాన్ని అన్ని రాష్ట్రాల చేతా ఆమోదింపజేసింది.

మన దగ్గరా ఇలాంటి కథే నడిచింది. 1975లో తిరుపతిలో పెళ్లయిన ఒక జంట మూడేళ్లకే విడిపోయింది. భర్త మిస్సోరీలో 90 రోజుల నివాసం చూపించి 1980లో విడాకులు తెచ్చుకుని, మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య చీరాల మెజిస్ట్రేటు కోర్టులో ద్విభార్యత్వం కేసు వేసింది. గ్రానైట్ ఫాల్స్‌లో కేసు పెట్టింది ప్రభుత్వం, ఇక్కడ భార్యే. నేరం కనిపించడం లేదని మెజిస్ట్రేటు వదిలేస్తే, మిస్సోరీ తీర్పు ఫొటోకాపీ సాక్ష్యంగా చెల్లదని హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. సుప్రీంకోర్టు ఫొటోకాపీ దగ్గర ఆగలేదు. ఏ చట్టం కింద పెళ్లయిందో ఆ చట్టం గుర్తించే కోర్టే, ఆ చట్టంలోని కారణం మీదే విడాకులివ్వాలనీ, అవతలి పక్షం మనస్ఫూర్తిగా పరిధికి లోబడితే వేరే మాటనీ 1991 జూలై 9న జస్టిస్ సావంత్ తీర్పు చెప్పారు. భార్య మిస్సోరీకి అభ్యంతరం రాసి పంపిందే తప్ప లోబడలేదు. పదేళ్ల తర్వాత చీరాల కేసు మళ్లీ మొదలైంది.