ముందు తూకం, తర్వాతే మోటారు: ఇంట్లో చేసే ఆర్‌సీ బుష్ ప్లేన్‌లపై అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం పొద్దున్నే వైజాగ్ దగ్గర కొత్తవలస దాటాక, కోతలైపోయిన ఓ మడిలో నా ఆర్‌సీ (రేడియో కంట్రోల్, అంటే రిమోట్‌తో నడిపే) విమానం దింపుతున్నాను. గేదెల్ని తోలుకెళ్తున్న పెద్దాయన ఆగి, "ఏటి బాబూ, నేవీవోళ్లదా?" అన్నాడు. కాదు తాతా, నేనే అట్టలతో చేశాను అంటే నమ్మలేదు. చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత తేలికేటి!" అన్నాడు. ఏళ్లుగా ఈ హాబీలో ఉన్నవాళ్లు కూడా మర్చిపోయే విషయం ఆయన చేతికి మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది.

అలాస్కా, కెనడాల్లో రన్‌వే అన్నది లేని చోట్ల, నది ఒడ్డు గులకరాళ్ల మీదా గడ్డిలోనూ దిగే విమానాలను బుష్ ప్లేన్‌లంటారు. పైపర్ సూపర్ కబ్, 1947లో మొదటిసారి ఎగిరిన డి హావిలాండ్ బీవర్ లాంటివి. పైన రెక్క, లావు టైర్లు, తోక కింద చిన్న చక్రం. మనం చేసేది వాటి బొమ్మ. కానీ గాలికి అది బొమ్మని తెలియదు. అందుకే ఈ అపోహల మీద కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: పెద్ద మోటారు పెడితే పొట్టి జాగాలో లేస్తుంది, దిగుతుంది.

లేవడం వరకూ నిజమే. దిగేటప్పుడు మోటారు దాదాపు ఆగిపోయే ఉంటుంది, అప్పుడు మోసేది రెక్కే. నా ఇప్పటి విమానం రెక్క పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 20. మొత్తం బరువు 720 గ్రాములు. ఇందులో 2212 సైజు మోటారు, 3ఎస్ (మూడు సెల్‌ల) 2200 ఎంఏహెచ్ బ్యాటరీ, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసేది), రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్, రెక్క, తోక పలకల్ని కదిపే ఆరు చిన్న సర్వోలు కలిపి 320 గ్రాముల పైచిలుకు. మిగిలిందంతా అట్ట, జిగురు, చక్రాలు. వేగం సుమారు సెకనుకు 7 మీటర్లకి తగ్గేదాకా ఇది గాలిలో నిలబడగలదు. ఇంకా తగ్గితే స్టాల్, అంటే రెక్క మోయడం మానేస్తుంది. ఇదే కొలతల్లో నేను మొదట చేసింది కిలో తూగింది. దానికి 8 మీటర్లు కావాలి. ఒక్క మీటరు తేడాయే కదా అనిపిస్తుంది. కానీ బరువూ పెరిగి, వేగమూ పెరిగితే నేలను తాకేటప్పుడు దానిలో ఉండే శక్తి దాదాపు రెట్టింపవుతుంది. ఆ మొదటి విమానం ల్యాండింగ్ గేర్ ఎన్నిసార్లు ఊడిందో లెక్కపెట్టడం మానేశాను. ప్రతిసారీ ఇంకాస్త గట్టి కడ్డీ, ఇంకాస్త జిగురు, దాంతో ఇంకాస్త బరువు. ఇంట్లో వంటకి వాడే డిజిటల్ కాటా ఇప్పుడు నా బల్ల మీదే ఉంటోంది. దాని గురించి ఇంట్లో గొడవ వేరే సంగతి.

అపోహ: సన్‌బోర్డు ఏదైనా ఒకటే. అసలైన విమానమైతే బాల్సా అనే తేలికపాటి కర్రతోనే చెయ్యాలి.

ఆ కిలో బరువుకి సగం కారణం ఇదే. షాపులో సన్‌బోర్డు అనడిగితే ఒక్కోచోట పీవీసీ షీటు ఇస్తారు. బ్యానర్లకీ నేమ్‌బోర్డులకీ అది బావుంటుంది, రెక్కకి పనికిరాదు. మనకి కావలసింది రెండు వైపులా కాగితం, మధ్యలో నురుగు ఉన్న ఫోమ్‌బోర్డు. చేతిలోకి తీసుకుంటే తేడా తెలిసిపోతుంది. బాల్సా అందమైనదే, కాదనను. కానీ ఒక క్రాష్‌కి నెల పని పోతుంది. ఫోమ్‌బోర్డు రెక్క ఒక్క సాయంత్రంలో మళ్లీ తయారవుతుంది. మన వైజాగ్ చెమ్మకి మాత్రం కాగితం అంచుల దగ్గర లేచిపోతుంది, కాబట్టి అంచులన్నిటికీ టేపు వెయ్యాల్సిందే.

అపోహ: గాలి వీచే వైపుకి తిరిగితే విమానం లిఫ్ట్ (రెక్క పైకి మోసే బలం) కోల్పోయి పడిపోతుంది.

ఇది నేను చాలామంది నోట విన్నాను, నేనూ చెప్పాను. నిజానికి విమానం గాలితో పాటు కదులుతోంది. నిలకడగా వీచే గాలిలో అది ఎటు తిరిగినా రెక్కకి తేడా ఉండదు. తేడా మన కంటికే. పదకొండు దాటాక సముద్రపు గాలి పొలాల దాకా వచ్చేస్తుంది. సెకనుకు 5 మీటర్ల గాలికి ఎదురుగా, గాలిలో 8 మీటర్ల వేగంతో పోతున్న విమానం నేల మీద నుంచి చూస్తే 3 మీటర్లే కదులుతుంది, మనం మెల్లగా పరిగెత్తినంతే. అదే వెనక్కి తిప్పగానే 13 మీటర్లు. "అమ్మో, దూసుకుపోతోంది" అని టెన్షన్ పడి థ్రాటిల్ (మోటారు వేగం) తగ్గిస్తాం. గాలిలో దాని వేగం మాత్రం ముందున్న 8 మీటర్లే, దాన్నీ మనమే తగ్గించాం. తర్వాత ఒక రెక్క వాలిపోతుంది. తప్పు గాలి మీదకి నెట్టేస్తాం.

అపోహ: ఫ్లాప్‌లంటే బ్రేకులు.

ఫ్లాప్ అంటే రెక్క వెనక అంచున కిందికి దిగే పలక. దాన్ని దించితే రెక్క వంపు పెరుగుతుంది, లిఫ్టూ పెరుగుతుంది, గాలి అడ్డూ పెరుగుతుంది. పైన రెక్క ఉన్న మోడళ్లలో చాలావాటికి ముక్కు ఠక్కున పైకి లేస్తుంది. మొదటిసారి ఫ్లాప్‌లు పెట్టిన రోజు, తాటిచెట్ల మీదుగా దింపుతూ స్విచ్ ఒకేసారి పూర్తిగా వేశాను. ముక్కు లేచింది. కంగారులో థ్రాటిల్ సున్నా చేశాను. విమానం ఒక్క క్షణం గాలిలో ఆగినట్టే ఉండి, ఎడమ రెక్క వాల్చి గట్టు మీద పడింది. ప్రొపెల్లర్ ముక్క పక్క మడిలో దొరికింది. ఇప్పుడు ట్రాన్స్‌మీటర్‌లో (చేతిలోని రిమోట్‌లో) ఫ్లాప్‌తో పాటు ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) కొంచెం కిందికి వచ్చేలా మిక్స్ పెట్టుకుంటాను, ఫ్లాప్ మెల్లగా దిగేలా చూస్తాను. ఎంత మిక్స్ కావాలో బాగా ఎత్తులోనే పరీక్షిస్తాను.

అపోహ: లావు టైర్లు షోకి.

మా మడిలో వరి మోళ్లు జానెడు ఎత్తుంటాయి. చిన్న చక్రం వాటికి తట్టుకుంటే ముక్కు నేలకి కొట్టుకుంటుంది. నా టైర్లు పాత హవాయి చెప్పుల అట్టలు గుండ్రంగా కోసి, రెండేసి అతికించినవి. ఒకటి నీలం, ఒకటి తెలుపు. ఇరుసు రెక్క ముందు అంచుకి దాదాపు కిందే ఉండాలి. వెనక్కి పోతే ముక్కు మీద బోర్లా పడుతుంది. మరీ ముందుకి పోతే పరుగులో తోక పక్కకి తిరిగిపోతుంది.

అపోహ: జైరో (విమానం ఒరిగితే దానంతటదే సరిచేసే పరికరం) పెట్టేస్తే పడదు.

పడుతుంది. స్టాల్ అయిన రెక్కని జైరో కూడా మోయలేదు. అది సరిచేసే దిశ తప్పుగా సెట్ చేస్తే ఇంకా త్వరగా పడుతుంది.

అపోహ: ఇది బొమ్మ, డ్రోన్ రూల్స్ దీనికి వర్తించవు. బీచ్‌లో ఎగరేస్తే సరి.

2021 డ్రోన్ రూల్స్‌లో సరదాకి ఎగరేసే, 25 కిలోలు దాటని మోడల్ విమానాలకీ చోటుంది. టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్‌కి ఇచ్చే అధికారిక ఆమోదం) అక్కర్లేదు, కానీ కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరెయ్యాలి. ఎగరెయ్యకూడని ప్రాంతాలు అందరికీ ఒకటే. మన ఊరు తూర్పు నౌకాదళానికి కేంద్రం. ఊళ్లోనే ఐఎన్ఎస్ డేగా అనే నేవీ వైమానిక స్థావరం కూడా ఉంది. ఆర్కే బీచ్‌లో ఎగరేద్దామన్న ఆలోచనే వద్దు. జనం ఉంటారు, పైగా ఇసుకా ఉప్పుగాలీ కలిసి మోటారు బేరింగుల్ని తినేస్తాయి. వెళ్లే ముందు ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూసుకోండి, పొలం ఎవరిదో వాళ్లని అడగండి. మా మడి రైతు పెట్టిన షరతు ఒక్కటే: నాట్లు పడ్డాక రావద్దని. అందుకే జూలై నుంచి కోతల దాకా నా విమానాలు గోడకి వేలాడుతుంటాయి, నేను రిపేర్లు చేసుకుంటుంటాను.