ఎడిటర్‌లో దాచినంత మాత్రాన ఫైల్లోంచి పోదు: కండిషనల్ కంటెంట్‌పై అపోహలు - వాస్తవాలు

ఎక్స్ఎంఎల్ (రాసేదాన్ని ట్యాగుల మధ్య పెట్టే ఫార్మాట్) ఎడిటర్‌లో మాన్యువల్స్ రాయడం కొత్తగా నేర్చుకునే మా భీమవరం, అమలాపురం పిల్లలకి నేను రొయ్యల చెరువు ఏరేటర్‌నే (నీళ్లలో గాలి కలిపే యంత్రం) ఉదాహరణగా ఇస్తాను. ఇక్కడ అది తెలియనివాళ్లు ఉండరు. మోటారు సింగిల్ ఫేజ్ కావచ్చు, త్రీ ఫేజ్ కావచ్చు. మొగల్తూరు, నరసాపురం వైపు ఉప్పునీటి చెరువులు, ఆకివీడు వైపు మంచినీటి చేపల చెరువులు. చదివేది రైతు కావచ్చు, మెకానిక్ కావచ్చు. ఇన్ని పుస్తకాలు విడివిడిగా రాయకుండా ఒకే డాక్యుమెంట్‌లో రాసి, ఏ పేరా ఎవరికో గుర్తు పెట్టి, కావాల్సినవి చూపించి మిగతావి దాచేస్తాం. కండిషనల్ కంటెంట్ అంటే ఇదే. చేసే పని ఇంతే, కానీ దీని చుట్టూ అపోహలు చాలానే ఉన్నాయి.

అపోహ: ఎడిటర్‌లో దాచేస్తే ఆ పేరా పోయినట్టే.

ఎక్కడికీ పోదు. ఆక్సిజన్ అనే ఎక్స్ఎంఎల్ ఎడిటర్‌లో ఒక కండిషన్ సెట్ (ఏ గుర్తులు ఉండాలో, ఏవి పోవాలో చెప్పే జాబితా) ఎంచుకుంటే, అందులో మినహాయించిన భాగం మసక రంగులోకి మారుతుంది. ‘షో ఎక్స్‌క్లూడెడ్ కంటెంట్’ ఆపేస్తే అసలు కనిపించదు. మాన్యువల్స్ రాసే ఇంకో సాఫ్ట్‌వేర్ ఫ్రేమ్‌మేకర్‌లో కండిషన్ ట్యాగ్‌కి ‘హైడ్’ పెట్టినా అంతే. మారేది మనకి కనిపించే తీరు మాత్రమే. మెకానిక్ కోసం రాసిన సర్వీస్ పాస్‌వర్డ్ దాచేశాం కదా అని ఎక్స్ఎంఎల్ సోర్స్ ఫైల్ (మనం రాసిన అసలు ఫైల్) బయటివాళ్లకి పంపితే, వాళ్లు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకుంటారు. బయటికి పంపాల్సింది ఫిల్టర్ చేసి తీసిన అవుట్‌పుట్‌నే.

అపోహ: తెర మీద ఎలా ఉంటే పీడీఎఫ్ అలాగే వస్తుంది.

ఫ్రేమ్‌మేకర్‌లో నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేసే అలవాటున్నవాళ్లు డిటాకి (మాన్యువల్స్‌ని టాపిక్‌లుగా రాసే ఎక్స్ఎంఎల్ ప్రమాణం) వచ్చాక తడబడేది ఇక్కడే. ఆక్సిజన్‌లో పబ్లిషింగ్‌కి, అంటే ట్రాన్స్‌ఫర్మేషన్ సినారియోకి, ఫిల్టర్ సెట్టింగ్ వేరుగా ఉంటుంది. డిటా ఫైళ్ల నుంచి పీడీఎఫ్ లాంటివి తయారుచేసే డిటా ఓపెన్ టూల్‌కిట్‌ని కమాండ్ లైన్ నుంచి నడిపితే, మీ తెర మీద ఏముందో దానికి తెలియనే తెలియదు. మీరిచ్చిన డిటావాల్ ఫైల్నే (ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో రాసే ఫైల్) అది చూస్తుంది.

అపోహ: ఒక పేరాకి రెండు విలువలు ఇస్తే, రెండూ సరిపోతేనే అది కనిపిస్తుంది.

ఎక్కువమంది తప్పు చేసేది ఈ లెక్కలోనే, అందుకే కాస్త నిదానంగా చూద్దాం. డిటాలో ‘ప్రోడక్ట్’ అనే ఒకే యాట్రిబ్యూట్‌లో (ట్యాగులో గుర్తు రాసే చోటు) సింగిల్ ఫేజ్, త్రీ ఫేజ్ రెండూ రాశాం. డిటావాల్‌లో త్రీ ఫేజ్‌ని ఎక్స్‌క్లూడ్ చేశాం. పేరా ఉంటుంది. ఒకే యాట్రిబ్యూట్‌లోని విలువల్లో ఒక్కటి మిగిలినా పేరా మిగులుతుంది, అన్నీ ఎక్స్‌క్లూడ్ అయితేనే పోతుంది.

ఇప్పుడు ‘ప్రోడక్ట్’లో సింగిల్ ఫేజ్, ‘ఆడియన్స్’లో మెకానిక్ అని పెట్టి, మెకానిక్‌ని ఎక్స్‌క్లూడ్ చేయండి. సింగిల్ ఫేజ్ కావాలన్నా సరే, పేరా పోతుంది. వేర్వేరు యాట్రిబ్యూట్‌లు ఉన్నప్పుడు ఏ ఒక్కటి కాదన్నా చాలు. పైనున్న సెక్షన్ ఎక్స్‌క్లూడ్ అయితే లోపలి పేరాలు ఏ గుర్తుతో ఉన్నా దాంతోపాటే పోతాయి.

మాన్యువల్స్‌కి వాడే ఇంకో ఎక్స్ఎంఎల్ ప్రమాణం డాక్‌బుక్ నుంచి వచ్చినవాళ్లకి ఇంకో తిరకాసు. డాక్‌బుక్ స్టైల్‌షీట్లకి (ఫైల్ని పుస్తకంగా మార్చేవి) మనం ఉంచాల్సిన విలువ చెబుతాం, దానికి సరిపోని గుర్తున్నవన్నీ పోతాయి. డిటావాల్‌లో మామూలుగా తీసేయాల్సినవి చెబుతాం, చెప్పనివన్నీ ఉంటాయి. రేపు సోలార్ మోడల్ వచ్చి కొత్త విలువ చేరిస్తే, పాత డిటావాల్‌లతో తీసే పుస్తకాలన్నిట్లోకీ అది వచ్చేస్తుంది. విలువ రాయకుండా ‘ప్రోడక్ట్’ మొత్తానికి ఎక్స్‌క్లూడ్ పెట్టి, కావాల్సినవి మాత్రమే ఇంక్లూడ్ చేయడం మేలని నా అభిప్రాయం.

ఏ గుర్తూ లేని పేరాని, గుర్తున్న సెక్షన్ లోపల లేనంతవరకు, ఈ ఫిల్టర్లేవీ ముట్టుకోవు. కరెంటు ఆపకుండా చెరువులోకి దిగొద్దనే హెచ్చరికకి ఎవరు ఎంత వాదించినా నేను కండిషన్ పెట్టనివ్వను.

అపోహ: ‘రెవ్’ యాట్రిబ్యూట్‌తో కూడా దాచొచ్చు.

దాచలేం. మారిన చోటుని గుర్తించి చూపడానికే అది.

అపోహ: ఎంత చిన్న ముక్కకైనా కండిషన్ పెట్టొచ్చు.

ఎడిటర్ పెట్టనిస్తుంది, భాష ఒప్పుకోదు. ‘ఫ్యూజు’ దాచి ‘ఫ్యూజులు’ చూపిస్తే, వాక్యం చివర ‘కాలిపోతుంది’ అలాగే ఉండిపోతుంది. తెలుగులో రాసేటప్పుడు వాక్యం మొత్తానికే కండిషన్ పెట్టండి, రెండు వాక్యాలు రాయాల్సి వచ్చినా ఫర్వాలేదు.

స్కీమా (ఏ ట్యాగు ఎక్కడ రావొచ్చో చెప్పే నిబంధనలు) కూడా అన్నిటికీ ఒప్పుకోదు. టాపిక్‌కి రెండు టైటిళ్లు పెట్టి ఒకటి దాచుదామంటే కుదరదు. ఒకే టైటిల్ లోపల ‘పీహెచ్’ ఎలిమెంట్లకి (చిన్న ముక్కని చుట్టే ట్యాగులు) గుర్తులు పెట్టుకోవాలి. టేబుల్లో అడ్డవరుస నిక్షేపంగా దాచొచ్చు, మధ్యలో ఒక గడి మాత్రమే దాచితే మిగతావి పక్కకి జరగొచ్చు.

అపోహ: ఫైల్ వ్యాలిడ్ (స్కీమాకి సరిపోయింది) అని వస్తే ఇక టెన్షన్ లేదు.

ఎడిటర్ మామూలుగా వ్యాలిడేట్ చేసేది అన్నీ కలిసున్న ఫైల్‌ని. ఉప్పునీటి చెరువు గుర్తున్న వాటిని తీసేశాక, ఏరేటర్ని మంచినీళ్లతో కడిగే స్టెప్స్ అన్నీ పోయి ఖాళీ లిస్టు మిగలొచ్చు. ‘తుప్పు పట్టకుండా జాగ్రత్తలు’ అనే లింకు, పుస్తకంలో లేని టాపిక్‌ని చూపించొచ్చు. ఆక్సిజన్‌లో డిటా మ్యాప్ (పుస్తకంలోని టాపిక్‌ల జాబితా) మీద ‘వ్యాలిడేట్ అండ్ చెక్ ఫర్ కంప్లీట్‌నెస్’ నడిపేటప్పుడు ఫిల్టర్లు వర్తింపజేసే ఆప్షన్ ఉంది. ఒక్క కండిషన్ సెట్‌తో సరిపెట్టకుండా, మీరు పబ్లిష్ చేసే ప్రతి సెట్‌తోనూ నడపండి.