కెనడాలో ఎయిర్‌పోర్టులు, రైళ్ళు అన్నీ అమ్మేశారా? అపోహలు - వాస్తవాలు

కెనడాలో మనవాళ్ళు నలుగురు కలిసి ఫ్లైట్ల గురించో రైళ్ళ గురించో మాట్లాడుకుంటే రెండే మాటలు వినపడతాయి, ఒకటి "అంతా ప్రైవేటోళ్ళకి అమ్మేశారు", రెండోది "గవర్నమెంటు వాళ్ళది కదా, అలాగే ఉంటుంది". నేను ఈ రంగంలో కంప్లయన్స్ పనిలో ఉన్నా, రోజూ ఈ చట్టాలూ లీజు కాగితాలతోనే పని. ఆ రెండు మాటలూ ఇక్కడి పద్ధతికి సరిపోవు. 1990ల్లో ఒట్టావా వాళ్ళు, అంటే ఫెడరల్ గవర్నమెంటు, ఒక్కో సర్వీసుని ఒక్కో రకంగా వదిలించుకున్నారు, అందుకే ఓనర్ ఎవరు, నడిపేదెవరు, రూల్స్ పెట్టి చెక్ చేసేదెవరు అని విడివిడిగా చూడాలి, లేకపోతే సంబంధం లేనివాళ్ళ మీద కోప్పడతాం.

అపోహ: టొరంటో పియర్సన్ ఎయిర్‌పోర్టుని ప్రైవేటు కంపెనీకి అమ్మేశారు

వాస్తవం: అమ్మలేదండీ. భూమి ఇప్పటికీ ఫెడరల్ గవర్నమెంటుదే. 1992లో వాంకూవర్, కాల్గరీ, ఎడ్మంటన్, మాంట్రియల్‌తో మొదలుపెట్టి, 1994లో నేషనల్ ఎయిర్‌పోర్ట్స్ పాలసీ అని తెచ్చి, పెద్ద ఎయిర్‌పోర్టులని లోకల్ అథారిటీలకి లాంగ్ లీజుకిచ్చారు, పియర్సన్ 1996 చివర్లో మారింది. ఈ అథారిటీలకి షేర్లుండవు, డివిడెండ్లుండవు, మిగిలిన డబ్బు మళ్ళీ ఎయిర్‌పోర్టుకే పెట్టాలి.

మరి రేట్లు ఎందుకు అంతలా ఉంటాయి అంటే, వీళ్ళు గవర్నమెంటుకి గ్రౌండ్ రెంట్ కట్టాలి, అది కూడా లాభం మీద కాదు, మొత్తం రాబడి మీద. మొదటి 50 లక్షల డాలర్లకి ఏమీ లేదు, అక్కణ్ణుంచి స్లాబులు పెరుగుతూ పోయి 25 కోట్ల డాలర్లు దాటిన రాబడి మీద 12 శాతం. షేర్లు అమ్మి డబ్బు తెచ్చుకునే వీల్లేదు కాబట్టి రన్‌వే వేయాలన్నా టెర్మినల్ కట్టాలన్నా అప్పే గతి, ఆ అప్పు తీరేది మీ టికెట్లో ఉండే ఎయిర్‌పోర్ట్ ఇంప్రూవ్‌మెంట్ ఫీజుతో. టికెట్ రేటుకి ఇదొక్కటే కారణం అనట్లేదు, దూరాలు ఎక్కువ, ఎయిర్‌లైన్ల పోటీ తక్కువ, అవీ ఉన్నాయి. కానీ లాభం వచ్చిందా లేదా చూడకుండా రాబడి మీద అద్దె గుంజడం నాకు ఎంతమాత్రం న్యాయంగా అనిపించదు, ఆఖరికి కట్టేది ప్రయాణికుడే కదా.

శంషాబాద్‌తో పోల్చేవాళ్ళుంటారు. అది వేరే పద్ధతి, అక్కడ జీఎంఆర్‌కి మెజారిటీ వాటా ఉన్న షేర్ల కంపెనీ నడుపుతుంది, ఛార్జీలు మాత్రం ఎయిర్‌పోర్ట్స్ ఎకనామిక్ రెగ్యులేటరీ అథారిటీ ఫిక్స్ చేస్తుంది. ఇక్కడ ఎయిర్‌పోర్టు ఫీజుల మీద అలాంటి రెగ్యులేటర్ లేనే లేదు, అథారిటీ బోర్డే నిర్ణయిస్తుంది. ఇంకో విషయం, మన హైదరాబాద్‌లో పుట్టిన ప్రేమ్ వత్స గారి ఫెయిర్‌ఫ్యాక్స్ గ్రూపు టొరంటోలోనే ఉంది, వాళ్ళకి బెంగళూరు ఎయిర్‌పోర్టులో మెజారిటీ వాటా ఉంది, అదే గ్రూపు పక్కనే ఉన్న పియర్సన్‌లో ఒక్క షేరు కొనాలన్నా కొనలేదు, ఎందుకంటే షేర్లే లేవు.

అపోహ: ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ చూసేది గవర్నమెంటు డిపార్ట్‌మెంటు

వాస్తవం: 1996 నవంబర్ 1 నుంచి కాదు. ఆ రోజు నవ్ కెనడా అనే షేర్లు లేని కార్పొరేషన్ ఈ వ్యవస్థ మొత్తాన్ని 150 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. బోర్డులో ఎయిర్‌లైన్ల వాళ్ళు, గవర్నమెంటు వాళ్ళు, యూనియన్ల వాళ్ళు పెట్టినవాళ్ళు కూర్చుంటారు. సేఫ్టీ రూల్స్ మాత్రం ట్రాన్స్‌పోర్ట్ కెనడావే, అంటే ఫెడరల్ రవాణా శాఖవే. నా ఉద్దేశంలో ఇలా గవర్నమెంటు చేతిలోంచి తీసి సొంత ఆదాయంతో నడిపించడంలో (కమర్షియలైజేషన్) బాగా కుదిరింది ఇదే, కాకపోతే ఎగిరే విమానాల నుంచి వచ్చే డబ్బే దీనికి ఆధారం, అందుకే కోవిడ్‌లో ట్రాఫిక్ పడిపోతే 2020 సెప్టెంబర్‌లో ఛార్జీలు సగటున 29.5 శాతం పెంచారు, ఎయిర్‌లైన్లు అసలే ఊపిరాడక ఉన్న టైములో.

అపోహ: ఫ్లైట్ లేటైతే ట్రాన్స్‌పోర్ట్ కెనడాకి కంప్లైంట్ పెట్టాలి

వాస్తవం: ముందు ఎయిర్‌లైన్‌కి రాయండి, ఒక సంవత్సరం లోపల, వాళ్ళు 30 రోజుల్లో జవాబివ్వాలి. తేలకపోతే కెనడియన్ ట్రాన్స్‌పోర్టేషన్ ఏజెన్సీకి వెళ్ళండి, అది వేరే సంస్థ. 2019 రూల్స్ ప్రకారం పెద్ద ఎయిర్‌లైన్ తన చేతిలో ఉన్న కారణంతో, అదీ సేఫ్టీ కోసం కాకుండా, 9 గంటలు, ఆపైన లేట్ చేస్తే 1000 డాలర్లు ఇవ్వాలి.

అపోహ: వయా రైల్ లేటు అంటే గవర్నమెంటు ఉద్యోగుల బద్ధకం

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ప్యాసింజర్ రైళ్ళు నడిపే వయా రైల్ క్రౌన్ కార్పొరేషనే, అంటే గవర్నమెంటు సొంత కంపెనీయే, కానీ అది నడిచే పట్టాల్లో దాని సొంతం 3 శాతం దాకానే, మిగతావి ఎక్కువగా సీఎన్ (కెనడియన్ నేషనల్) అనే గూడ్స్ రైళ్ళ కంపెనీవి. సీఎన్ కూడా ఒకప్పుడు గవర్నమెంటుదే, 1995 నవంబర్‌లో షేర్లు మార్కెట్లో అమ్మేశారు, ఇది మాత్రం నిజంగా ప్రైవేటైజేషనే. అమ్మేటప్పుడు చట్టంలో ఏం షరతులు పెట్టారో చూడండి: హెడ్ ఆఫీస్ మాంట్రియల్‌లోనే ఉండాలి, అధికార భాషల చట్టం పాటించాలి, ఏ ఒక్కరి దగ్గరా 15 శాతం మించి షేర్లు ఉండకూడదు (2018లో 25 చేశారు). ఇన్ని ఆలోచించినవాళ్ళు ప్యాసింజర్ రైలుకి ముందు దారి ఇవ్వాలి అన్న ఒక్క ముక్క పెట్టలేదు. అమెరికాలో ప్యాసింజర్ రైళ్ళు నడిపే ఆమ్‌ట్రాక్‌కి ఆ హక్కు చట్టంలోనే ఉంది, గూడ్స్ కంపెనీలు ఎంత పాటిస్తున్నాయన్నది వేరే సంగతి. ఇక్కడ గూడ్స్ రైలు వెళ్ళేదాకా వయా పక్కన ఆగాల్సిందే. 2024 అక్టోబర్‌లో అయితే వయా కొత్త రైళ్ళకి ఆక్సిళ్ళు తక్కువ, లెవెల్ క్రాసింగ్ దగ్గర సిగ్నల్ రైలుని గుర్తించకపోవచ్చు అని సీఎన్ స్పీడ్ షరతులు పెట్టింది, దాంతో ఆలస్యాలు ఇంకా పెరిగి విషయం కోర్టు దాకా పోయింది. డ్రైవరు ఏం చేస్తాడు, టికెట్ చూసే అమ్మాయి ఏం చేస్తుంది పాపం.

టొరంటో నుంచి క్యూబెక్ సిటీకి ప్లాన్ చేస్తున్న ఆల్టో హైస్పీడ్ రైలుకి పట్టాలు వేరుగా వేస్తామన్నది అందుకే.

అపోహ: కంపెనీలకి ఇచ్చేస్తే సేఫ్టీ కూడా వాళ్ళే చూసుకుంటారు

వాస్తవం: 2013 జులై 6, క్యూబెక్‌లో లాక్-మెగాంటిక్. క్రూడాయిల్ ట్యాంకర్ల రైలుని నాంట్ దగ్గర వాలులో నిలిపేసి, ఉన్న ఒక్క డ్రైవరూ రూల్ ప్రకారం రెస్ట్‌కి వెళ్ళాక ఇంజిన్‌లో మంటలొచ్చాయి, ఆర్పడానికి ఇంజిన్ ఆపారు, ఆగేసరికి ఎయిర్ బ్రేకుల్లో గాలి తగ్గిపోయింది, వేసిన హ్యాండ్ బ్రేకులు చాల్లేదు, రైలు దానంతట అదే దొర్లుకుంటూ ఊళ్ళోకి వచ్చి పడింది. 47 మంది చనిపోయారు.

నడిపింది ప్రైవేటు కంపెనీ, నిజమే. కానీ ప్రమాదాల మీద విచారణ చేసే ట్రాన్స్‌పోర్టేషన్ సేఫ్టీ బోర్డు 2014 రిపోర్టులో ట్రాన్స్‌పోర్ట్ కెనడాని కూడా వదల్లేదు. సేఫ్టీ మేనేజ్‌మెంట్ సిస్టం అంటే రిస్కులు కంపెనీయే గుర్తించి, కంపెనీయే ప్లాన్ రాసుకుని అమలు చేయాలి, రెగ్యులేటర్ వచ్చి అది నిజంగా జరుగుతోందా అని చూడాలి. ఆ కంపెనీ 2002లో ప్లాన్ రాసింది, అమలు మొదలుపెట్టింది 2010లో, ట్రాన్స్‌పోర్ట్ కెనడా రీజినల్ ఆఫీసు ఆడిట్ చేసింది కూడా 2010లోనే. ఈ మధ్యలో ఇన్‌స్పెక్షన్లలో లోపాలు బయటపడుతూనే ఉన్నాయి, మళ్ళీ మళ్ళీ అవే లోపాలు, గట్టిగా వెంటపడి సరిచేయించినవాళ్ళు లేరు.

ఈ పద్ధతే చెడ్డదని నేను అనను, ఇన్‌స్పెక్టర్లు ఫైలు చూసి ఊరుకోకుండా పట్టాల దగ్గరికి వెళ్ళినప్పుడు ఇది బాగానే పనిచేస్తుంది, దానికి మనుషులు కావాలి, బడ్జెట్ కావాలి. సేఫ్టీ బోర్డు సిఫారసు చేయగలదు తప్ప ఆర్డర్ వేయలేదు. ఆ బోర్డు పెద్ద సేఫ్టీ సమస్యలని ఏకరువు పెట్టే 2022 వాచ్‌లిస్టులో కూడా సేఫ్టీ మేనేజ్‌మెంట్, రెగ్యులేటర్ పర్యవేక్షణ రెండూ ఇంకా తీరని సమస్యలుగానే ఉన్నాయి.